దారం కింద కనిపించిన వెలుతురు

ప్రెదాత్సోలో బస్సెక్కి పానెవెజ్జోలో దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. ఉత్తర ఇటలీలో, డోలోమైట్ కొండల మీద 1500 మీటర్ల ఎత్తున ఉన్న స్ప్రూస్ (పైన్ కుటుంబపు చెట్టు) అడవి ఇది. వయొలిన్ల అడవి అని దీనికి పేరు. నేను వెళ్లింది మాత్రం పియానో కోసం.

విశాఖలో మా ఇంట్లో పాత పియానో ఉంది. వానలు మొదలవగానే శ్రుతి పెరుగుతుంది, డిసెంబరుకి దిగుతుంది. "తీగలది కాదమ్మా, వెనకున్న పలక చెమ్మ పీల్చి ఉబ్బుతోంది" అన్నారు శ్రుతి చేసే పెద్దాయన. ఆ పలక ఎక్కడ పుడుతుందో చూడాలని అప్పటినుంచీ కోరిక.

2018 అక్టోబరు చివర్లో వాయా తుఫాను ఈ కొండల్లో లక్షల చెట్లను కూల్చేసింది. ఆ బోడి వాలులు చూస్తే గుండె కలుక్కుమంది. దారి పక్కనున్న ఒక మొద్దు మీద వలయాలు గోరు పట్టనంత దగ్గర దగ్గరగా ఉన్నాయి. చలికి మెల్లగా పెరిగే చెట్టు కదా! అందుకే ఆ చెక్క అంత తేలిక, అంత గట్టి.

మర్నాడు సాచీలే వెళ్లాను. పావొలో ఫాత్సియోలి 1981లో పెట్టిన పియానో ఫ్యాక్టరీ అక్కడుంది. సౌండ్‌బోర్డులకు, అంటే పెద్దాయన చెప్పిన ఆ పలకలకు, నేను చూసొచ్చిన అడవి వైపున్న ఫియెమ్మె లోయ స్ప్రూసే వాడతారు. ఇంకా తీగలెక్కని పలక అడుగున ఒక పనివాడు ఈ చివరినుంచి ఆ చివరికి దారం లాగి పట్టాడు. దారానికీ మధ్యలో చెక్కకీ నడుమ సన్నగా వెలుతురు! పలక చదునుగా ఉండదు, తీగల వైపు కొద్దిగా ఉబ్బి ఉంటుందన్నమాట.

పియానోకి 230 దాకా తీగలు, మొత్తం బిగువు 20 టన్నుల దాకా. అదంతా ఇనుప చట్రమే మోస్తుంది. పలక మీద బ్రిడ్జి ఉంటుంది. వీణవాళ్లు గుర్రం అంటారే, అదే పని. దాని మీదుగా పోతూ ప్రతి తీగా డిగ్రీయో డిగ్రీన్నరో కిందికి వంగుతుంది. అంతమాత్రం వంపుకే అన్నీ కలిసి, సెంటీమీటరు మందం కూడా లేని ఆ పలకను వందల కిలోల బరువుతో నొక్కుతాయి. నొక్కుడు చాలకపోతే తీగ కదలిక పలకకు సరిగా అందదు, నాదం పలచబడుతుంది. మితిమీరితే పలక బిగుసుకుపోతుంది, స్వరం నిలవదు. ఆ ఉబ్బు ఉన్నది ఈ బరువుకి ఎదురు నిలవడానికే.

ఇంటికొచ్చిన రోజే పియానోని గోడ దగ్గర్నుంచి జరిపి, పలక వెనక అతికించిన చెక్క పట్టీల్లో అన్నిటికన్నా పొడవైన దాని వెంట దారం పట్టాను. వెలుతురు లేదు. దారం చెక్కకు ఆనుకునే ఉంది. అరచెయ్యి పలక మీద పెట్టి, కింది స్థాయి స్వరం ఒకటి నొక్కమన్నాను అమ్మాయిని.

చాలాసేపు చేతికింద పలక వణుకుతూనే ఉంది.