స్కేలు తర్వాత, ముందు అద్దం

మొదటి ఏడాది ఎనిమిదో తరగతికి పర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించేలా గీయడం, చెప్పినప్పుడు నేనూ అందరిలాగే రైలు పట్టాలతోనే మొదలుపెట్టాను. బోర్డు మీద అడ్డంగా గీత, మధ్యలో చుక్క, కింది నుంచి రెండు గీతలు తెచ్చి ఆ చుక్కలో కలిపేస్తే పట్టాలు, పక్కన నాలుగు కరెంటు స్తంభాలు, అయిపోయింది. నలభై మంది నలభై రైలు పట్టాలు గీశారు. ఒక్కటీ తప్పు లేదు, నేను తెగ మురిసిపోయాను. మర్నాడు మన స్కూలు వరండా గీయండ్రా అంటే, స్తంభాలన్నిటినీ ఒకే ఎత్తులో కవాతుకు నిలబెట్టినట్టు గీసి తెచ్చారు.

పిల్లల తప్పేం లేదు. స్తంభాలు ఒకే ఎత్తని వాళ్లకు తెలుసు, తెలిసిందే గీశారు. కనిపించేది గీయాలంటే తెలిసింది కాసేపు పక్కన పెట్టాలి, అది నాకే ఇప్పటికీ కష్టం.

అందుకే ఇప్పుడు మొదటి క్లాసులో స్కేలు ముట్టుకోనివ్వను. మా కిటికీలకు చువ్వలే తప్ప అద్దాలుండవు, కాబట్టి ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో నాలుగు పాత అద్దాలు అడిగి తెచ్చి, అంచులకు టేపు చుట్టాను. ఒకరు అద్దం కదలకుండా పట్టుకుంటారు, ఇంకొకరు గడ్డాన్ని పుస్తకాల దొంతర మీద ఆనించి, ఒక కన్ను మూసుకుని, అవతల కనిపించే వరండాను మార్కర్‌తో అద్దం మీదే గీస్తారు. తల కదిలిందా, అంతా పోయినట్టే. తర్వాత ఆ అద్దాన్ని తెల్లకాగితం మీద పెట్టి, ఇప్పుడు స్కేలు తీసుకుని గీతలు పొడిగించమంటాను. పైనున్న దూలం గీత కిందికి దిగుతుంది, నేల గీత పైకి ఎక్కుతుంది, అన్నీ ఒకేచోట కలుస్తాయి. ఆ చుక్క నేను పెట్టింది కాదు, వాళ్లు పట్టుకున్నది. అదే పిల్లాణ్ణి బెంచీ ఎక్కించి మళ్లీ గీయిస్తే, ఎదుటి గోడ మీద చుక్క కూడా వాడితోపాటే పైకి పోతుంది. కంటి మట్టం అంటే ఏమిటో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

లియొనార్డో డావిన్సీ 1490ల్లో మిలాన్‌లో గోడ మీద వేసిన ‘చివరి విందు’లో క్రీస్తు కణత దగ్గర చిన్న మేకు రంధ్రం ఉంది, గది గీతలన్నీ అక్కడికే వస్తాయి. ఇది చెప్పగానే మా వాళ్లు బల్లకు మేకు కొట్టి గీతలు లాగడానికి దారం కట్టేశారు, ఆపినా ఆగలేదు.

ఒకమ్మాయి అడిగింది, "సార్, మరి లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ఇలా లేదే, అవి తప్పా?" తప్పు కాదమ్మా, వాళ్లు ఒక్కచోట నిలబడి ఒంటికన్నుతో చూసినట్టు వేయాలనుకోలేదు, కథ చెప్పాలనుకున్నారు అన్నాను. ప్రశ్న మాత్రం నా జవాబు కంటే బాగుంది.

స్తంభాల మధ్య దూరం దగ్గర అందరూ పడతారు, ఎత్తు తగ్గిస్తారు గానీ ఎడం తగ్గించరు. మొదటి స్తంభం తల నుంచి రెండో స్తంభం నడుం మీదుగా గీత లాగితే అది నేల గీతను తాకిన చోటే మూడోది. ఈ కిటుకు చెప్పిన రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇప్పుడు బొమ్మల్లోకి మనుషులొచ్చి పడ్డారు. వరండా బాగా కుదిరింది, దూరంగా నిలబడ్డ పిల్లలు మాత్రం గాల్లో తేలుతున్నారు. మనంత ఎత్తున్నవాళ్లు అదే నేల మీద ఎంత దూరంలో నిలబడ్డా వాళ్ల కళ్లు మన కంటి మట్టం గీత మీదే ఉంటాయని సోమవారం గ్రౌండులో నిలబెట్టి చూపించాలి. అందరూ ఒకే ఎత్తున్న ఆరుగురిని వెతకడమే ఇప్పుడు నా టెన్షన్.