కాంటాక్టర్ విడినప్పుడు

బోరు మోటారు స్టార్టర్ పెట్టెలో అమర్చే చిన్న కంట్రోల్ బోర్డును మేము తయారు చేశాము. వారం రోజులు బల్ల మీద ఏ లోపమూ చూపని ఆ బోర్డు, స్విచ్‌లు పుట్టించే విద్యుత్ అలజడిని పరికరం తట్టుకుంటుందో లేదో చూసే ఐఈసీ 61000-4-4 పరీక్షలో నిలవలేదు.

మోటారుకు కరెంటును కలిపి, విడదీసే పెద్ద స్విచ్ కాంటాక్టర్. దాన్ని లాగి పట్టే కాయిల్‌కు కరెంటు తెగగానే అందులో నిల్వ ఉన్న శక్తి, ఆ కరెంటును తెంపుతున్న స్విచ్ మొనల మధ్య వరుసగా నిప్పురవ్వలై బయటపడుతుంది. ఆ రవ్వలు పుట్టించే అలజడినే పరీక్ష యంత్రం అనుకరిస్తుంది: 5 నానోసెకన్లలో పైకి లేచి, సుమారు 50 నానోసెకన్లు నిలిచే పల్సులు 75 ఒక గుంపుగా, ప్రతి 300 మిల్లీసెకన్లకు ఒక గుంపు చొప్పున వచ్చి పడతాయి. మా పెట్టెలోనైతే అసలు కాంటాక్టరే బోర్డుకు జానెడు దూరంలో ఉంటుంది.

పవర్ తీగల మీద 2 కిలోవోల్టులు ఇచ్చినా బోర్డు తట్టుకుంది. నీటిమట్టం సెన్సార్ కేబుల్‌ను పల్సులను కేబుల్‌లోకి ఎక్కించే, మీటరు పొడవున్న క్లాంపులో పరచి 1 కిలోవోల్టు ఇవ్వగానే మాత్రం బోర్డు రీసెట్ అయి, తెర నిండా నల్లగళ్లు వచ్చి, కాంటాక్టర్‌ను నడిపే చిన్న స్విచ్ అయిన రిలే టక్కున పడిపోయింది. రెండు సెకన్లలో దానంతట అదే తేరుకుంది కనుక నివేదికలో ‘బి’ శ్రేణి (కాసేపు తడబడినా దానంతట అదే తేరుకునే పరికరానికి ఇచ్చేది) రాయించుకోవచ్చునని ఒక సహోద్యోగి అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే పొలంలో రిలే పడితే కాంటాక్టర్ విడుతుంది, అది విడితే మళ్లీ అవే పల్సులు పుడతాయి.

తప్పు కేబుల్ షీల్డును, అంటే లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగును, కలిపిన తీరులో ఉంది. దాన్ని 8 సెంటీమీటర్ల తీగగా మెలిపెట్టి బోర్డు గ్రౌండుకు సోల్డర్ చేశాము. మీటరుతో కొలిస్తే ఆ తీగ నిరోధం దాదాపు సున్నా. కానీ వేగంగా మారే కరెంటుకు తీగ అడ్డుపడే గుణాన్ని (ఇండక్టెన్స్) మిల్లీమీటరుకు ఒక నానోహెన్రీ చొప్పున లెక్కిస్తే, ఇంత వేగంగా లేచే పల్సులో బలంగా ఉండే 60 మెగాహెర్ట్జ్ దగ్గర అది 30 ఓములు అడ్డుపడుతుంది. అంటే షీల్డు మోసుకొచ్చిన అలజడి పెట్టె గోడలోకి పోకుండా నేరుగా బోర్డు గ్రౌండును కుదిపింది.

ఆ తీగ తీసేసి, షీల్డు చుట్టూ పట్టుకునే లోహపు క్లిప్పుతో కేబుల్‌ను పెట్టె గోడకే బిగించాము. అయినా రీసెట్ ఆగలేదు. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, క్లిప్పును పెయింటు మీదే బిగించామని. స్క్రూడ్రైవర్ మొనతో పెయింటు గీకి మళ్లీ బిగించిన తర్వాత 2 కిలోవోల్టుల వరకు పెంచినా తెర మీద అంకె చెదరలేదు. పెట్టె డ్రాయింగులో ఇప్పుడు ఆ చోట ‘పెయింటు వేయరాదు’ అని ఎర్ర అక్షరాలతో ఉంది.