మా సర్వర్ తలుపు కొట్టింది ఒక కల్యాణమండపం

మా అమ్మ వంటల సైట్ ఒకటి నడుపుతున్నా, రోజుకి గట్టిగా 40 మంది చూస్తే గొప్ప, అందులో సగం మా చుట్టాలే. దానికోసం నెలకి నాలుగైదొందల్లో ఒక చిన్న వీపీఎస్ (అద్దెకి దొరికే ఆన్‌లైన్ సర్వర్) తీసుకున్నా, 1 జీబీ ర్యామ్, ఉబుంటు, అంతే. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ఉలవచారు తప్ప అందులో దోచుకోడానికి ఏం లేదు. కానీ సర్వర్ పెట్టిన మర్నాడు ఊరికే లాగిన్ లాగ్ (లోపలికి ఎవరెవరు రాబోయారో రాసి ఉండే ఫైలు) తెరిచి చూశానా, అంతే, దిమ్మ తిరిగింది. రూట్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న యూజర్) పేరుతో పాస్‌వర్డ్ తప్పు, రూట్ తప్పు, అడ్మిన్ తప్పు, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, టెస్ట్, గిట్, హడూప్... రాత్రంతా ఎవడో తాళంచెవుల గుత్తి పట్టుకుని కూచుని ఒక్కోటీ పెట్టి తిప్పినట్టు ఉంది. "పై" అనే యూజర్‌ని కూడా వెతుకుతున్నారు, అంటే రాస్ప్‌బెర్రీ పై బోర్డు కొని పాస్‌వర్డ్ మార్చని మహానుభావులెవరైనా దొరుకుతారేమో అని.

మొదట్లో నా మీద పగబట్టారేమో అనుకున్నా, నిజంగా. తర్వాత అర్థమైంది, వాళ్లకి నేనెవరో కూడా తెలీదు. ఇంటర్నెట్‌లో మెషీన్లకి ఇచ్చే నంబర్లు, అదే ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం లెక్కేస్తే సుమారు 430 కోట్లు, 2013లోనే మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జీమ్యాప్ అని ఒక టూల్ చేసి, మంచి లైను ఉంటే ఒక్క మెషీన్‌తో ఒక పోర్టుకి (మెషీన్‌లో ఒక్కో సర్వీసుకి ఉండే తలుపు నంబర్) ఇంటర్నెట్ మొత్తం 45 నిమిషాల్లోపే చుట్టేయొచ్చని చూపించారు. అంటే మన సర్వర్‌ని ఎవరూ ప్రత్యేకంగా "కనిపెట్టక్కర్లేదు", వీధిలో ప్రతి గడియా లాగి చూసుకుంటూ పోయేవాడికి మన గడియా తగులుతుంది.

సరే, ఫెయిల్‌టుబ్యాన్ వేశా. ఇది లాగ్ చూస్తూ కూచుంటుంది, మనమేమీ మార్చకపోతే 10 నిమిషాల్లో 5 సార్లు తప్పు కొట్టిన ఐపీని 10 నిమిషాలు బయట నిలబెడుతుంది. 10 నిమిషాలు ఏం సరిపోతాయి అని నేను హీరోలా వారం రోజులు చేశా, ఆ రాత్రే ఇంటి నుంచి తప్పు కీ ఫైలుతో (పాస్‌వర్డ్ బదులు వాడేది) నాలుగైదుసార్లు కొట్టి నన్ను నేనే బయటికి గెంటుకున్నా. మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని లోపలికొచ్చి నా ఐపీ తీసేసుకున్నా (ఇంట్లో ఎవరికీ చెప్పలేదు). తర్వాత పాస్‌వర్డ్ లాగినే ఆపేసి కీలతోనే అని పెట్టా, అసలు రక్ష అదే. బ్యాన్‌లు గట్రా లాగ్ శుభ్రంగా ఉండటానికి తప్ప పెద్దగా కాదు అని నా అభిప్రాయం.

అయినా మనసు ఊరుకోదుగా, వీళ్లెవరో చూడాలి. అబ్యూజ్‌ఐపీడీబీలో అకౌంట్ తెరిచా, అందరూ తమమీదకొచ్చిన ఐపీల్ని అక్కడ రాస్తారు, ఒక్కో ఐపీకి 0 నుంచి 100 దాకా ఎంత నమ్మకంగా చెడ్డది అనేదానికి ఒక స్కోరు ఉంటుంది. ఫెయిల్‌టుబ్యాన్‌నే దానికి కలిపేయొచ్చు, బ్యాన్ అవ్వగానే రిపోర్ట్ దానంతటదే వెళ్లిపోతుంది. ఇక్కడొక్క మాట గట్టిగా చెప్పాలి, లాగ్ లైన్లు ఉన్నదున్నట్టు పంపకండి. అవి బయట అందరికీ కనపడతాయి, అందులో మీ సర్వర్ పేరు ఉంటుంది, ఎప్పుడైనా కంగారులో యూజర్‌నేమ్ చోట పాస్‌వర్డ్ కొట్టి ఉంటే అదీ ఉంటుంది. నేను "ఎస్ఎస్‌హెచ్ బ్రూట్‌ఫోర్స్, ఇన్నిసార్లు" అని ఒక్క ముక్క మాత్రం పంపిస్తా (ఎస్ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి, బ్రూట్‌ఫోర్స్ అంటే వరసపెట్టి పాస్‌వర్డ్‌లు కొట్టి చూడటం).

ఇంకోటి, లాగ్‌లో కనపడ్డ ప్రతి ఐపీ దొంగ కాదు. ఇంటర్నెట్‌లో ఏమేం తెరిచి ఉన్నాయో చూసే షోడాన్, సెన్సిస్, షాడోసర్వర్ లాంటి సంస్థలవాళ్లు కూడా రోజూ స్కాన్ చేస్తుంటారు, షాడోసర్వర్ వాళ్లయితే ఎక్కడేం తెరిచి ఉందో చూసి ఆ నెట్‌వర్క్ వాళ్లకే ఫ్రీగా చెప్తారు. పైగా ఒక్క ప్యాకెట్ వచ్చి పోయిందంటే ఆ అడ్రస్ నకిలీది కూడా అయ్యుండొచ్చు, పంపేవాడు ఎవరి పేరైనా రాసుకోవచ్చు. లాగిన్ ట్రై చేశాడంటే మాత్రం వేరు, లాగిన్‌కి వాడే టీసీపీ పద్ధతిలో మన జవాబు వాడికి చేరితేనే మాట ముందుకెళ్తుంది కాబట్టి ఆ ఐపీ నిజమైనదే. అందుకే నేను లాగిన్ ట్రై చేసినవాటినే రిపోర్ట్ చేస్తా.

కొన్నాళ్లకి ఆ లిస్ట్‌లో మన దేశపు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ ఒకటి వచ్చింది. హూయిజ్ (ఏ ఐపీ ఎవరిదో చెప్పే రికార్డు) కొడితే చిన్న కంపెనీ, గోదావరి జిల్లాల్లో కేబుల్ టీవీతో పాటు నెట్ కూడా ఇచ్చేవాళ్లు. రష్యా చైనా అనుకుంటూ కూచున్నవాడికి మనూళ్ల ఐపీ కనపడేసరికి ఒక రకమైన ఆప్యాయత కూడా కలిగింది, ఏం చెప్పను. హూయిజ్‌లో అబ్యూజ్ అని ఒక మెయిల్ అడ్రస్ ఉంటుంది, ఫిర్యాదులకి ఆ పేరుతో మెయిల్ పెట్టాలనే పద్ధతి 1997 నుంచే రాసిపెట్టి ఉంది, చదివేవాళ్లు ఉంటారా లేదా అనేది మన అదృష్టం. నేను పంపిన వాటిలో చాలావాటికి టికెట్ నంబర్ తప్ప ఏమీ రాలేదు. దీనికి మాత్రం మర్నాడే తెలుగులో ఫోనొచ్చింది, మెయిల్ కింద నా నంబర్ ఉందిగా.

"సార్, మీరు రాసిన టైముకి ఆ కస్టమర్ లైన్ మీద ఏం లేదండి."

ఎందుకుండదు అన్నా, పంతానికి పోయా, పది నిమిషాలు వాదించుకున్నాక బుర్ర వెలిగింది. నా సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, నేను టైమ్‌జోన్ రాయలేదు, ఆయన మన టైము అనుకుని చూశాడు. ఐదున్నర గంటలు కలిపితే సరిగ్గా దొరికింది. అప్పట్నుంచి మెయిల్‌లో టైమ్‌జోన్, పోర్టు నంబర్ రెండూ రాస్తున్నా, ఎందుకంటే చాలా కంపెనీలు ఒకే ఐపీ వెనక బోలెడు ఇళ్లని పెడుతున్నాయి, టైము పోర్టు లేకపోతే ఎవరిల్లో వాళ్లక్కూడా తెలీదు.

"అన్నా, ఎవరిదా లైను?" అంటే నవ్వాడు. "కల్యాణమండపం అండి. స్టాటిక్ ఐపీ, అంటే మారని ఐపీ తీసుకున్నారు, కెమెరాల డబ్బా కోసం."

అదీ సంగతి. నేను హుడీ వేసుకున్న హ్యాకర్‌ని ఊహించుకుంటుంటే, పెళ్లిళ్లలో భోజనాల దగ్గర ఎవరు రెండోసారి కూచున్నారో రికార్డ్ చేసే డీవీఆర్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌తోనే ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టి, మా అమ్మ సైట్ తలుపు కొడుతోంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (దొంగ ప్రోగ్రామ్) చేసింది ఇదే కదా, 60 పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల లిస్ట్ పట్టుకుని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లలోకి దూరి, అక్టోబర్‌లో డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరుని ఐపీగా మార్చి చెప్పే సర్వీస్) కంపెనీ మీద పడి అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఆగిపోయేలా చేసింది. రాసింది కాలేజీ వయసు కుర్రాళ్లు, దొరికిపోయి 2017లో నేరం ఒప్పుకున్నారు. కానీ దాని కోడ్ అప్పటికే బయట పడేశారు, దాని పిల్లలూ మనవలూ ఇప్పటికీ తిరుగుతున్నాయి, కొన్ని టెల్‌నెట్ అనే పాత లాగిన్ దారి వదిలేసి ఎస్ఎస్‌హెచ్ మీద పడ్డాయి.

అంతమాత్రాన అందరూ అమాయకులని కాదు. 2015లో సిస్కో కంపెనీ సెక్యూరిటీ టీమ్ టాలోస్ వాళ్లు ఎస్ఎస్‌హెచ్‌సైకోస్ అని పేరుపెట్టిన ముఠా ఉండేది, రూట్ ఒక్కదానికే 3 లక్షల పైగా పాస్‌వర్డ్‌లు ట్రై చేసేవాళ్లు, సొంతంగా ఐపీల బ్లాకే పెట్టుకుని. లెవెల్ 3 అనే పెద్ద నెట్‌వర్క్ కంపెనీతో కలిసి ఆ బ్లాక్‌ని ఆపుదామనుకునేలోపే ఇంకో బ్లాక్‌కి మకాం మార్చారు. అలాంటి వాళ్లకి అబ్యూజ్ మెయిల్ రాస్తే దొంగకే దొంగతనం గురించి ఉత్తరం రాసినట్టు, అక్కడ పైనున్న పెద్ద నెట్‌వర్క్‌లు దారి మూస్తేనే పని. మండపం లాంటి వాళ్లకి మాత్రం ఒక్క ఫోన్ చాలు. అందుకే నేను ఇప్పుడు స్కోరు 100 ఉన్నవాటిని వదిలేసి, ఇంకా ఎవరూ రిపోర్ట్ చేయని ఐపీలకే మెయిల్ రాస్తున్నా, అక్కడే ఎవరో ఒకరు వినేవాళ్లు ఉంటారని.

ఆపరేటర్ వెళ్లి డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేశాడు, దాడి ఆగింది, ఇద్దరం సంతోషించాం. రెండ్రోజులకి మళ్లీ అదే ఐపీ. ఇలాంటివి చాలావరకు మెమరీలోనే ఉంటాయి, రీస్టార్ట్ చేస్తే పోతాయి, పాస్‌వర్డ్ మార్చకపోతే అదే దారిన మళ్లీ వచ్చి కూచుంటాయి. ఈసారి నేనే ఫోన్ చేశా, పాస్‌వర్డ్ మార్చి, రౌటర్‌లో బయటికి తెరిచిన పోర్టులు మూయించాడు. అప్పట్నుంచి ఆ ఐపీ నా లాగ్‌లో కనపడలేదు.

మొన్న వేరే పని మీద ఆ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే కాస్త విసుగ్గానే మాట్లాడాడు. మండపం ఓనర్ గారి అబ్బాయి హైదరాబాద్‌లో ఉండి ఫోన్‌లో కెమెరాలు చూసుకునేవాడంట, ఇప్పుడు రావట్లేదని రోజూ గొడవంట, "మళ్లీ తెరిచేయమంటున్నారు సార్, మీరొకసారి ఆయనతో మాట్లాడతారా" అంటున్నాడు. నంబర్ అయితే పంపించాడు, ఆదివారం చేస్తా అన్నా, కెమెరాలు అందరికీ తెరవకుండా తనొక్కడే చూసుకునే దారి, అదే వీపీఎన్, అంటే ఏంటో ఆయనకి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నా.