గ్యాస్ మాత్రలు అమ్మేవోడి పళ్ళు

పళ్ళు చూపించుకుందామని వెళ్తే పళ్ళ డాక్టరావిడ నోట్లో అద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, పళ్ళ గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, "రాత్రుళ్ళు పులితేన్పులు వస్తాయా అండీ మీకు, గొంతు దాకా?" అని అడిగింది. అప్పటికే నోరు తెరుచుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అప్పుడు తెరుచుకునేది.

ఎందుకంటే నేను ఎమ్మార్ని, అంటే మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. పదకొండేళ్ళ నుంచి విజయనగరం హెడ్‌క్వార్టర్‌గా బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, రాజాం, చీపురుపల్లి బ్యాగు వేసుకుని తిరుగుతూ నేను అమ్మేదే గ్యాస్ మాత్రలు. నాకు గ్యాస్ ఉన్న సంగతి నాకు తెలుసు, మా ఆవిడకి తెలుసు, నా బ్యాగులో శాంపిల్స్‌కి బాగా తెలుసు. మూడేళ్ళుగా పొద్దున్నే పరగడుపున ఒకటి పడాల్సిందే. కానీ చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమంటున్నాయని వెళ్ళినోడికి, ఆ జివ్వుమనడం కడుపులోంచి వస్తోందని ఎవరైనా చెప్తారని మాత్రం అనుకోలేదు.

ఆ డాక్టరావిడ చిన్న పిల్లే, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది, చదువై వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. చేతికి ఇంకో అద్దం ఇచ్చి నా పై పళ్ళ వెనకవైపు చూపించింది. బయటివైపు బానే ఉన్నాయి, లోపలివైపు, అంటే అంగిలి వైపు, నున్నగా అరిగిపోయి లోపలి పసుపు రంగు కనిపిస్తోంది. గట్టిగా తోమడం వల్ల అయితే బయటివైపు అరగాలి, లోపలివైపు ఇలా అరిగిందంటే ముందు కడుపులో ఆమ్లాన్నే అనుమానించాలంట, పడుకున్నాక పైకి పొంగి అక్కడ తగులుతోందని. పంటి మీద ఉండే గట్టి పొర, ఎనామెల్, పీహెచ్ (ఆమ్లానికి కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే కిందకి వెళ్తే కరగడం మొదలవుతుంది, కడుపులో ఆమ్లం పీహెచ్ 1.5, 2 అలా ఉంటుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, ఆ లెక్కన మూడున్నర అంకెలు తేడా అంటే వెయ్యి రెట్లు దాటిపోయింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి కూడా నాకు ఇది తట్టలేదు చూడండి. నిద్రలో లాలాజలం కూడా బాగా తగ్గిపోతుంది కాబట్టి కడిగే నాథుడు ఉండడు, తెల్లార్లూ అలా నానుతూనే ఉంటాయి.

మరి నేను మాత్ర వేసుకుంటున్నాను కదా అన్నాను, కొంచెం పొగరుగానే, నా సబ్జెక్టు కదా. "మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందండీ, పైకి పొంగడాన్ని ఆపదు కదా" అంది. ఈ వాక్యం నేను డాక్టర్లకి ఇచ్చే రంగురంగుల విజువల్ ఎయిడ్‌లో ఎక్కడా లేదు. పైగా నేను రోజూ వేసుకునేవాడిని అన్నానే గానీ టూరుకి వెళ్ళిన రోజు మర్చిపోవడం, ఏ పదింటికో టిఫిన్ అయ్యాక వేసుకోవడం, అన్నీ ఉన్నాయి. తిండికి అరగంట ముందు వెయ్యాలని అందరికీ చెప్పేది నేనే.

ఆ తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "రోజుకి ఎన్ని టీలు?"

దీనికి జవాబు చెప్పాలంటే మా ఉద్యోగం తెలియాలి. డాక్టరు గారి గది బయట పేషెంట్లు అయ్యేదాకా నిలబడాలి, ఒక్కోసారి గంటన్నర. ఆ గంటన్నరలో చేసేదేముంది, పక్కనే బడ్డీ ఉంటుంది, ఇంకో కంపెనీ వాడు వస్తాడు, "రా బ్రదర్ టీ వేద్దాం" అంటాడు. కాంప్లెక్స్ దగ్గర ఒకటి, మూడు లాంతర్ల దగ్గర ఒకటి, బొబ్బిలిలో దిగగానే ఒకటి, స్టాకిస్టు, అదే మందుల హోల్‌సేలు వ్యాపారి, దగ్గర ఆయన పోయించేది ఒకటి, కాదంటే బాగోదు. వేళ్ళు మడిచి లెక్కేస్తే పది వచ్చాయి. మన వైపు బడ్డీ టీ ఎలా ఉంటుందో తెలుసు కదా, స్పూను నిలబడే చక్కెర. టీకి రెండు స్పూన్లు వేసుకున్నా ఇరవై స్పూన్లు, ఎనభై గ్రాములు అక్కడే అయిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఏంటంటే, ఇలా విడిగా కలుపుకునే చక్కెర మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది అని. 5 శాతం అంటే పెద్దవాళ్ళకి సుమారు 25 గ్రాములు, ఆరు టీ స్పూన్లు. నేను మూడో టీకే ఆ కోటా పూర్తి చేసుకుని నాలుగోది తాగుతున్నానన్నమాట.

అయితే ఆవిడకి ఎంత తింటున్నావన్న దానికన్నా ఎన్నిసార్లు తింటున్నావన్న దాని మీదే పట్టు. తీపి నోట్లో పడ్డ కొన్ని నిమిషాల్లోనే అక్కడున్న బ్యాక్టీరియా దాన్ని ఆమ్లం చేసేస్తుంది, మళ్ళీ లాలాజలం దాన్ని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పది టీలు గంటకొకటి చొప్పున తాగితే ఇంక నోటికి కోలుకునే టైమేది? పగలంతా టీ వల్ల పైనుంచి, రాత్రంతా కడుపు వల్ల కింద నుంచి, నా పళ్ళకి డబుల్ డ్యూటీ.

ఈ ఎన్నిసార్లు అనే సంగతి స్వీడన్‌లో తేల్చారు, విపెహోమ్ అనే చోట, 1940ల్లో. మానసిక ఎదుగుదల లేని వాళ్ళని ఉంచే సంస్థ అది, పాపం వాళ్ళకి భోజనానికీ భోజనానికీ మధ్య పంటికి అంటుకునే టాఫీలు కావాలని పెట్టి పళ్ళు ఎలా పుచ్చుతాయో చూశారు. ఎంత దుర్మార్గం అంటే చదువుతుంటే కోపం వచ్చింది, వాళ్ళని అడిగినోడు లేడు. కానీ తేలింది మాత్రం నిజం: అంతే తీపి అన్నంతో పాటు తింటే జరిగే నష్టం తక్కువ, మధ్యమధ్యలో అంటుకునేది తింటే నష్టం చాలా ఎక్కువ. నాకు వెంటనే భీమాలి తాండ్ర గుర్తొచ్చింది. మా అత్తారిది లక్కవరపుకోట వైపు, వేసవి అయ్యేసరికి భీమాలి మామిడి తాండ్ర అట్టలు అట్టలుగా వస్తుంది మాకు, బ్యాగులో ఒక ముక్క వేసుకుని బస్సులో చప్పరిస్తూ సాలూరు దాకా వెళ్ళేవాడిని. టాఫీకి అన్నయ్య అది, తీపికి తీపి, పులుపుకి పులుపు, పంటి సందులో దూరిందంటే పుల్లతో తీసినా రాదు.

సరే, ఇదంతా తీసుకెళ్ళి మా ఫిజీషియన్ సారుకి చెప్పాను. పేరు ఎందుకులెండి, మంచాయన, నన్ను కూర్చోబెట్టి మాట్లాడతారు, అది మా ఫీల్డులో చాలా పెద్ద విషయం. మూడేళ్ళ కిందట మంట అని చెప్తే మాత్ర రాసిందీ ఆయనే, ఎండోస్కోపీ చేయించిందీ ఆయనే, "కొద్దిగా గ్యాస్ట్రైటిస్, అంతే" అన్నదీ ఆయనే. అప్పుడు నేను ఏం తింటానో, ఎన్నింటికి తింటానో అడగలేదు. "కారం, మసాలా తగ్గించు" అన్నారు ప్రిస్క్రిప్షన్ లోంచి తల ఎత్తకుండా, అది తుమ్మితే చిరంజీవ అన్నట్టు అంతే. ఇప్పుడు పళ్ళావిడ చెప్పింది చెప్తే నవ్వి, "నెట్‌లో చదివావా ఏంటి? తిండితో ఇవన్నీ తగ్గితే నువ్వూ నేనూ ఎందుకయ్యా" అన్నారు.

నాకు అక్కడ తిక్క రేగింది గానీ ఆయన తర్వాత చెప్పింది విన్నాక కొంచెం దిగింది. ఒక పేషెంట్ యూట్యూబ్‌లో చూసి మాత్రలు మానేసి పొద్దున్నే బూడిదగుమ్మడి రసం మొదలెట్టి, నెల తిరక్కుండా నల్లటి విరేచనాలతో వచ్చాడంట, అల్సర్ నుంచి రక్తం. అతను అప్పటిదాకా మోకాళ్ళ నొప్పికి పెయిన్ కిల్లర్లు మింగుతున్న సంగతి చెప్పనే లేదు. "తిండి గురించి నేను ఒక మాట అంటే మీరు పది వింటారు, అందుకే అనను" అన్నారు. ఇంకోటి కూడా అన్నారు, అది నిజమే: మాత్రకి అయితే సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి తేడా చూడొచ్చు, ఉత్తుత్తి అంబలి ఎవరికి ఇస్తావు, తాగేవాడికి తెలిసిపోదా?

కానీ సార్, ఈ కారం మాటేంటి? నేను ఎదురు చెప్పలేదు, ఎమ్మార్ డాక్టరుకి ఎదురు చెప్తాడా, ఇక్కడ రాస్తున్నాను. కారం, టెన్షన్ వల్లే అల్సర్ వస్తుందని దశాబ్దాల పాటు చెప్పింది డాక్టర్లే. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇది చాలావరకు ఒక బ్యాక్టీరియా పని అంటే నవ్వారు. మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాని తానే తాగి కడుపు పాడుచేసుకుని మరీ చూపించాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అక్కడ తిండిది తప్పు కాదు, తిండి మీద వేశారు. ఇంకోచోట తప్పంతా తిండిదే, అది పట్టడానికి ఏళ్ళు పట్టింది: హాలండ్‌లో విల్లెం డికే అనే పిల్లల డాక్టరు, కొందరు పిల్లల కడుపు పాడవడానికి గోధుమే కారణం అని అనుమానించాడు, 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల రొట్టె దొరక్క దేశమంతా మలమల మాడుతుంటే ఆ పిల్లలు మాత్రం తేరుకున్నారు, రొట్టె మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ మొదలు. 1950లో థీసిస్ రాశాడు. ఆ జబ్బు పేరు సీలియాక్, ఇప్పుడు దానికి గోధుమ మానిపించడమే వైద్యం. డాక్టర్లకి తిండి మీద నమ్మకం లేదంటే నేను ఒప్పుకోను, వాళ్ళు నమ్మే తిండి మాటలు వాళ్ళకీ ఉన్నాయి, అవి ఎవరు చెప్పగా విన్నారో మాత్రం గుర్తుండదు.

ఎవరు చెప్తారు అన్నదే నా పాయింటు. ఆ సారు దగ్గరికి నాలాంటి వాళ్ళు రోజుకి పదిమంది వెళ్తారు, ప్రతివాడి చేతిలో ఒక గ్రాఫు, ఒక పెన్ను, ఒక శాంపిల్. చోడి (రాగి) అంబలికి ఎమ్మార్ లేడు. రాత్రి ఎనిమిదికి తినేసి పదకొండుకి పడుకో అనే దానికి స్టాకిస్టు లేడు, టార్గెట్ లేదు, కాన్ఫరెన్స్ లేదు. పైగా అటువైపు వాళ్ళు ఊరికే కూర్చోలేదు, అమెరికాలో క్రిస్టిన్ కెర్న్స్ అనే పళ్ళ డాక్టరు పాత చక్కెర కంపెనీల కాగితాలు తవ్వితే 2015లో బయటపడింది, 1971లో పిప్పిపళ్ళ మీద అక్కడి ప్రభుత్వం పెట్టిన ప్రోగ్రాం చక్కెర తగ్గించే వైపు వెళ్ళకుండా వీళ్ళు ముందే చక్రం తిప్పారని. టీకా వెయ్యండి, గార కరిగించే ఎంజైములు కనిపెట్టండి, చక్కెర జోలికి మాత్రం రాకండి. చదివి నవ్వొచ్చింది, మా జోనల్ మీటింగుల్లో వినే లైనే ఇది.

ఇంటికొచ్చి ఏం చేశానంటే, కాల్ రిపోర్టు రాసే పాత పుస్తకం ఒకటి ఖాళీగా ఉంటే దాన్లో డాక్టరు పేరు దగ్గర తిండి, టైము దగ్గర టైము, రిమార్క్స్ దగ్గర కడుపు ఎలా ఉందో రాయడం మొదలెట్టాను. నలభై రోజులు. మంట వచ్చిన రాత్రులన్నీ చూస్తే కారం కనపడలేదు, పది దాటాక తిని వెంటనే పడుకున్న రాత్రులే. టూర్ నుంచి లేటుగా వచ్చి, ఆకలికి పీకల దాకా లాగించి, టీవీ ముందు వాలిపోయిన రాత్రులు. ఇంకోటి, మంటకి చల్లటి పాలు మంచివని రాత్రి గ్లాసుడు తాగేవాడిని, అప్పటికి హాయిగా ఉంటుంది, కాసేపటికి పాలు మళ్ళీ ఆమ్లాన్ని ఊరిస్తాయి, పైగా నాకు పాలు పడవని, కడుపుబ్బరం అంతా దాని వల్లేనని కూడా పుస్తకంలోనే తేలింది. పెరుగుతో ఏ గొడవా లేదు.

మా అమ్మకి ఇదంతా చెప్తే, "అందుకే సెప్పినాను, ఆ గోలీలు మానేసి తరవాణి తాగరా అని. మీ తాత ఏ గోలీ ఏసుకున్నాడ్రా, సచ్చినప్పుడు కూడా అన్ని పళ్ళూ ఉన్నాయి" అని మొదలెట్టింది. తాత పళ్ళు నిజమే. కానీ మా మామ్మ సంగతి అమ్మ ఎత్తదు, ఆవిడకీ పళ్ళు గట్టివే, కాకపోతే మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకి ఉండే అడ్డపొగ అలవాటు, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, అంగిలంతా తెల్లగా పాలిపోయి మచ్చలతో ఉండేది. అంగిలి క్యాన్సర్‌కి దారితీసే అలవాటని దాని మీద మా జిల్లాలోనే పెద్ద సర్వే జరిగింది, 1971లో వచ్చిన ఆ రిపోర్టులో పదివేల మందికి పైగా పల్లెటూరి వాళ్ళ నోళ్ళు చూశారు. పాతకాలం అంతా అమృతం అనేవాళ్ళకి మా మామ్మ నోరు చూపిస్తే సరిపోయేది.

తరవాణి, అదే పులియబెట్టిన అన్నం నీళ్ళు, గురించి పళ్ళావిడని అడిగాను కూడా, పులిసింది కదా పళ్ళకి ఏమవుతుందీ అని. తాగు, గంటసేపు చప్పరించకు, తాగాక నీళ్ళు పుక్కిలించు, వెంటనే బ్రష్ పెట్టకు, పులుపుకి మెత్తబడ్డ ఎనామెల్‌ని తోమితే ఇంకా లేచిపోతుంది, అరగంటైనా ఆగు అంది. కొంతకాలంగా పొద్దున్న చోడి అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ, బస్సెక్కే ముందు అది తాగితే పన్నెండింటి దాకా టీ గుర్తు రావడం లేదు. టీలు మూడుకి దిగాయి, రెండు చక్కెర లేకుండా. మొదటి వారం తలనొప్పి, బడ్డీ వాడు "సుగరొచ్చిందా సార్?" అని జాలిగా చూశాడు. మాత్ర సొంతంగా మానలేదు, సారుకి పుస్తకం చూపించి ఆయన చెప్పినట్టే మెల్లగా తగ్గించాను, ఇప్పుడు పెళ్ళి భోజనాలు ఉన్న వారం వేసుకుంటాను. ఆ పుస్తకం ఆయన నాలుగు పేజీలు తిప్పి, "రాత్రి భోజనం టైము ఒకటే తేడా కనపడుతోంది, మిగతావన్నీ నీ ఊహ" అన్నారు. సగం ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను. ఈ మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, టెస్ట్ చేయించు అని కూడా ఆయనే అన్నారు. నేను అమ్మే మాత్ర గురించి నాకు ఆయన చెప్పడం.

పళ్ళ వెనక అరిగింది మాత్రం తిరిగి రాదంట, ఎనామెల్ ఒకసారి పోతే పోయినట్టే. రెండింటికి ఫిల్లింగ్ పెట్టింది, ఐసు నీళ్ళు ఇప్పటికీ తాగలేను. ఈ వేసవికి భీమాలి నుంచి మామూలుగానే రెండు అట్టలు వచ్చాయి, ఫ్రిజ్‌లో ఉన్నాయి. మధ్యాహ్నం పెరుగన్నం చివర ఒక ముక్క, నాలుగు నముళ్ళలో మింగేసి, లేచి పుక్కిలించి వస్తున్నాను. బస్సులోకి తీసుకెళ్ళడం లేదు.