083 పాసయ్యాను: ఒకే ల్యాప్‌టాప్‌లో 12.2, 19సి రెండూ పెట్టుకుని చదివాను

మిత్రులారా, ఒరాకిల్ డేటాబేస్ నిర్వహణ (డీబీఏ) పరీక్ష 083 రిజల్ట్ నిన్న వచ్చింది, పాసయ్యాను. దాని మొదటి పరీక్ష 082 ముందే అయిపోయింది కాబట్టి 19సి వెర్షన్ డీబీఏ ప్రొఫెషనల్ సర్టిఫికెట్ వచ్చేసినట్టే. నల్లగొండలో ఇంట్లోనే ఉండి చదివాను.

సిలబస్ మీకు తెలిసిందే. 082లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష) భాగం రోజూ ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తుంది. 083లో అప్‌గ్రేడ్ చాప్టర్ మాత్రం చదివితే రాదు, పాత వెర్షన్ (12.2), కొత్త వెర్షన్ (19సి) ఒకే మెషీన్‌లో ఉండాల్సిందే. నేను లినక్స్ మీద రెండింటినీ వేర్వేరు హోమ్‌లలో, అంటే సాఫ్ట్‌వేర్ ఉండే ఫోల్డర్లలో, వేసుకున్నాను.

ఒక రాత్రి 19సి డేటాబేస్ నడుస్తూనే ఉంది, డేటాబేస్ నడుస్తోందని చెప్పే పీమాన్ ప్రాసెస్ కనిపిస్తోంది. సిస్‌డీబీఏగా (పూర్తి అధికారాలతో) లాగిన్ అయితే మాత్రం ఐడిల్ ఇన్‌స్టెన్స్, అంటే డేటాబేస్ స్టార్ట్ కాలేదు అంటోంది. ఎస్ఐడీ, అంటే డేటాబేస్ ఇన్‌స్టెన్స్ పేరు, సరిగ్గానే ఉంది. ఒకటే టెన్షన్. తెల్లవారుజామున దొరికింది: ఆ టెర్మినల్‌లో ఒరాకిల్ హోమ్ పాత్ చివర ఒక స్లాష్ ఎక్కువుంది! లోకల్‌గా కనెక్ట్ అయ్యేటప్పుడు ఒరాకిల్ హోమ్, ఎస్ఐడీ రెండింటినీ కలిపి చూసి, నడుస్తున్న డేటాబేస్ వాడే ఎస్‌జీఏ మెమరీని వెతుకుతుంది. ఎస్ఐడీ పేరైతే హోమ్ ఇంటిపేరు. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే మనిషే. అలాంటప్పుడు కంగారుపడి స్టార్టప్ కొట్టకండి, ముందు హోమ్, ఎస్ఐడీ రెండు వేరియబుల్స్ విలువలను ఎకో కమాండ్‌తో తెరమీద చూడండి.

ఆ రాత్రితో రెండు వెర్షన్లంటే భయం పోయింది. ఏ డేటాబేస్‌కు ఏ హోమో ఒరాట్యాబ్ ఫైల్‌లో రాసుకుని, ఒరాఎన్వ్ అనే స్క్రిప్ట్‌తోనే ఒకదాని నుంచి ఇంకోదానికి మారేవాణ్ని. దాని ముందు చుక్క, స్పేస్ పెట్టకపోతే సెట్టింగ్ ఆ షెల్‌లో నిలవదు. బయటి కనెక్షన్లు అందుకునే లిజనర్ 19సి హోమ్‌దే నడపండి, 1521 పోర్ట్ మీద అదొక్కటే రెండు డేటాబేస్‌లకూ సరిపోతుంది.

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్‌లకు పోకుండా ఇక్కడ కూర్చుని ఏం నేర్చుకుంటావని చాలామంది అన్నారు. ఆ ఏడు మా బత్తాయికి రేటు లేదు, హాస్టల్ ఖర్చు నాన్న మీద వేయలేను. అయినా ఎవరో సెట్ చేసిపెట్టిన మెషీన్ మీద కూర్చుంటే ఆ స్లాష్ నా కంటపడేదా? డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి పాసైనవాళ్లకు ఇది రాదు. రోజూ మెషీన్ ముందు కూర్చోవాలి, చెడగొట్టాలి, మళ్లీ నిలబెట్టాలి.

8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఎస్‌జీఏ తగ్గించి ఒక్కో డేటాబేసే నడపండి. అప్‌గ్రేడ్ చేసే టూల్ ఆటోఅప్‌గ్రేడ్‌ను ముందు అనలైజ్ (పరిశీలన) మోడ్‌లో నడిపి, రిపోర్ట్ మొత్తం చదివాకే డిప్లాయ్‌కు, అంటే అసలు అప్‌గ్రేడ్‌కు, వెళ్లండి. డేటాబేస్ ఏ వెర్షన్ ఫీచర్లు వాడాలో చెప్పే కంపాటిబుల్ పారామీటర్ వెంటనే పెంచకండి, పెంచాక 12.2కి డౌన్‌గ్రేడ్ కుదరదు.