పందిరేసుకున్న ఓడ

ట్యులిప్ తోటలు చూడ్డానికి రానని నాన్న తెగేసి చెప్పేశారు. "పువ్వులదేముందమ్మా, భీమిలి రోడ్డు నర్సరీల్లో కావలసినన్ని. ఓడలేవైనా ఉంటే చెప్పు" అన్నారు. విశాఖ నేవల్ డాక్‌యార్డులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టల్‌వేన్‌లో మా ఇంటికొచ్చి పది రోజులైనా ఆయన చూసిందల్లా మా బాల్కనీ ముందు కాలువ, అందులో బాతులు. అందుకని ఒక శనివారం పొద్దున్నే పులిహోర డబ్బాకెత్తుకుని, మా ఆయన కారు తీస్తే, ముగ్గురం ఉత్తరానికి బయల్దేరాం. రెండో ప్రపంచ యుద్ధంలో డచ్చివాళ్లు దేంతో పోరాడారో చూపిస్తానని నాన్నకి ఆశ పెట్టాను. ఐదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నా నేనూ ఎప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి.

డెన్ ఊవర్ దగ్గర హైవే ఆగిపోయింది. యాక్సిడెంటేమో అనుకున్నాం. కాదు, వంతెన తిరుగుతోంది. ఎర్ర లైట్లు వెలిగి, గేట్లు పడి, మేం వెళ్లాల్సిన రోడ్డే మెల్లగా పక్కకి జరిగిపోయింది. ఇద్దరు ముసలివాళ్లున్న ఒక తెరచాప పడవ తాపీగా దాటుకుపోయింది. "ఇద్దరి కోసం ఇంతమందిని ఆపేస్తారా!" అని మా ఆయన స్టీరింగు మీద దరువేస్తున్నారు. నాన్న మాత్రం అద్దం దించి, తల బయటపెట్టి, ఆ వంతెనని తిప్పే పళ్లచక్రం ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు.

వంతెన దాటాక మొదలవుతుంది ఆఫ్‌స్లౌట్‌డైక్. ముప్పై రెండు కిలోమీటర్ల కట్ట. ఎడమ పక్క వాడెన్ సముద్రం, ఉప్పునీళ్లు. కుడి పక్క ఐసెల్‌మేర్, మంచినీళ్లు. 1932లో ఈ కట్ట పూర్తవకముందు రెండూ ఒకటే సముద్రం. ఎక్కడా ఒక చెట్టు లేదు, మలుపు లేదు. గాలి మాత్రం కారుని పక్కకి తోసేస్తోంది. నీళ్లని ఆపడానికి కట్టిన కట్టే శత్రువుకి రాచబాట అవుతుందని అప్పటి సైన్యం భయపడింది. అందుకే రెండు కొసల దగ్గరా కాంక్రీటు బంకర్లు కట్టారు. తూర్పు కొసన ఉన్న ఊరు కోర్న్‌వెర్డర్‌జాండ్. అక్కడి బంకర్లే ఇప్పుడు మ్యూజియం.

లోపలికి వంగి వెళ్లాలి. తడిసిన సిమెంటు వాసన, బావిలోకి దిగినట్టు చల్లదనం. గోడలో చిన్న కంత, దానికి ఎదురుగా మూడు కాళ్ల స్టాండు మీద మెషిన్‌గన్. పేరు ష్వార్ట్స్‌లోజ, ఆస్ట్రియా డిజైను, 1908 మోడలు. గొట్టం చుట్టూ లావుపాటి ఇంకో గొట్టం. అందులో నీళ్లు పోస్తారు, కాలుస్తుంటే అవి మరిగి ఆవిరవుతాయి. అక్కడ వాలంటీరుగా పనిచేసే ఒక డచ్చి పెద్దాయన మాకు చెప్పడం మొదలుపెట్టారు. నాన్నది డాక్‌యార్డు ఇంగ్లీషు, ఆయనది డచ్చి ఇంగ్లీషు, నా అవసరం రెండు నిమిషాల్లో తీరిపోయింది. ఈ తుపాకీలో తూటా పేలేటప్పుడు వెనక తలుపుకి గడియలాంటిదేమీ పడదట. మడత చేయి ఒకటి, బలమైన స్ప్రింగు ఒకటి, ఆ రెండే గుండు గొట్టం దాటేవరకూ బరువు కాస్తాయి. ఖాళీ తొడుగు వేడిమీద ఇరుక్కుపోకుండా మొదటి నమూనాల్లో ప్రతి తూటాకీ నూనె రాసే చిన్న పంపు కూడా లోపల ఉండేదట. నాన్న కళ్లజోడు నుదుటి మీదకి తోసి, మోకాళ్ల మీద కూర్చుని మరీ చూశారు. "ఏటి పాపా ఇది, మన ఇంటి కుట్టుమిషన్‌కి కొబ్బరినూనె పోసినట్టుంది" అన్నారు. నేను తర్జుమా చేస్తే పెద్దాయన పకపకా నవ్వారు.

పక్కనే సిపాయిల తుపాకీ, 1895 నాటి మన్‌లిఖర్. ఐదు తూటాల క్లిప్పుని పైనుంచి లోపలికి నొక్కుతారు. ఆఖరి తూటా గొట్టంలోకి ఎక్కాక ఖాళీ క్లిప్పు కిందనుంచి జారి పడిపోతుంది. మొదట ఆస్ట్రియా నుంచి తెప్పించుకున్నారు, తర్వాత ఆమ్‌స్టర్‌డాం పక్కనే జాండంలో హెంబ్రుగ్ అనే సర్కారీ ఆయుధాల ఫ్యాక్టరీలో చేసుకున్నారు. 1940లో జర్మన్లు వచ్చిపడ్డప్పుడు డచ్చి సిపాయి చేతిలో ఉన్నది నలభై ఐదేళ్ల కిందటి నమూనా. పైగా తుపాకీకి 6.5 మిల్లీమీటర్ల తూటా, కొన్ని మెషిన్‌గన్లకి 7.92. ఒకడి దగ్గర అయిపోతే పక్కవాడిది పనికిరాదు. "నేను చేరినప్పుడు మా షాపులో లేత్ మిషన్లూ అంత వయసువే. పని చేసేవి, చెయ్యకేం" అన్నారు నాన్న. సొంత మనుషులని వెనకేసుకొచ్చినట్టే మాట్లాడారు.

మరి ట్యాంకులు? ఆ ప్రశ్నకి పెద్దాయన ఒక వేలు చూపించారు. 1927లో పరీక్షల కోసం ఫ్రాన్సు నుంచి కొన్న రెనో ఒక్కటే. అది కాక కార్డెన్-లాయిడ్ అని, ఇద్దరు పట్టే ఇనప డబ్బాల్లాంటి బుల్లి బళ్లు ఐదు. వాటికి పెట్టిన పేర్లు మాత్రం జాగ్వార్, పాంథర్, లెపర్డ్, ప్యూమా, లింక్స్! సైన్యంలో కొంత భాగం సైకిళ్ల మీద తిరిగేది. సైకిల్ రెజిమెంట్లే ఉండేవి. ఈ దేశంలో ఐదేళ్లుగా ఉంటున్న నాకు అది వింతగా అనిపించలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్లు తటస్థంగా ఉండి గట్టెక్కారు. రెండోసారీ అలాగే గడిచిపోతుందనుకున్నారు. 1930లలో మాంద్యం వచ్చింది, సైన్యం ఖర్చు కోశారు. తెలివొచ్చి ఆర్డర్లు పెట్టేసరికి ఆలస్యమైపోయింది. చుట్టూ ఉన్న దేశాలకి ఎవరి ఫిరంగులు వాళ్లకే కావాల్సొచ్చాయి. నన్నడిగితే ఇందులో పిసినారితనం పాలు కూడా కొంత ఉంది. డచ్చివాళ్లతో హోటల్లో బిల్లు పంచుకున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

యుద్ధం ఐదు రోజులే సాగింది. 1940 మే 10 తెల్లవారుజామున మొదలు, 14న రోటర్‌డాం మీద బాంబులు, 15న లొంగుబాటు సంతకం. గ్రెబ్బెబర్గ్ అనే గుట్ట మీద మూడు రోజుల్లోనే నాలుగొందల మందికి పైగా డచ్చి సిపాయిలు చనిపోయారు. కానీ ఈ కట్ట మీద మాత్రం జర్మన్లు అడుగు ముందుకేయలేకపోయారు. మే 13న విమానాలతో బాంబులేశారు, ఫిరంగులతో కొట్టారు, తర్వాత కాల్బలం కట్టెక్కింది. ఎక్కితే ఏముంది, దాక్కోడానికి పొద కూడా లేదు. నూనె రాసుకునే ఆ పాత మెషిన్‌గన్లే వాళ్లని వెనక్కి పంపాయి. మర్నాడు జర్మన్ ఫిరంగుల నోరు నొక్కడానికి వాడెన్ సముద్రంలోంచి యోహాన్ మౌరిట్స్ ఫన్ నసావ్ అనే గన్‌బోటు దూరం నుంచే గుళ్లు కురిపించింది. అదే రోజు ఇంగ్లండు దారి పట్టిన ఆ ఓడని విమానాలు ముంచేశాయి. బంకర్లు మాత్రం పడలేదు. ఐదో రోజు సాయంత్రం, "దేశం లొంగిపోయింది, ఇచ్చెయ్యండి" అని కబురొచ్చాకే తలుపులు తీశారు. ఆ కబురు విన్నవాళ్ల మొహాలు ఎలా ఉండుంటాయో అనుకుంటూ బయటికొచ్చాను. గాలికి నా చున్నీ ఎగిరి ముళ్లకంచెకి చుట్టుకుపోయింది, విడదీయడానికి ఐదు నిమిషాలు పట్టింది.

మళ్లీ అదే కట్ట మీదుగా వెనక్కొచ్చి డెన్ హెల్డర్ చేరేసరికి రెండు దాటింది. నేవీ ఊరు, ప్రతి గల్లీ చివరా సముద్రం. నాన్న మొహం విచ్చుకుంది. రేవు దగ్గర బండి మీద కిబ్బెలింగ్ వేయించి అమ్ముతున్నారు. చేప ముక్కలకి పిండి పట్టించి నూనెలో వేసి తీసే బజ్జీ అనుకోండి. వాసన తగిలాక పులిహోర ఎవరికి గుర్తుంటుంది? "చేప మంచిదే, మనిషికే కారం తెలీదు" అని తీర్పు చెప్పి, జేబులోంచి ఉప్పూ కారం పొట్లం తీసి జల్లుకున్నారు నాన్న. అది విమానంలో ఎలా వచ్చిందో నేను అడగలేదు.

నేవీ మ్యూజియం ఉన్నది విలెమ్‌సోర్డ్ అనే పాత డాక్‌యార్డులో. టోనైన్ అనే సబ్‌మెరీన్‌ని ఒడ్డు మీదే నిలబెట్టారు. లోపల ఒకటి కాదు, మూడు గొట్టాలు. మనుషులు పైదాంట్లో, ఇంజన్లూ బ్యాటరీలూ కింద రెండింట్లో. "మన ఆర్కే బీచ్ కురుసురకి ఇన్ని వేషాల్లేవు" అని నాన్న చకచకా దాటేశారు. ఆయన కళ్లు అప్పటికే నీళ్లలో కట్టేసి ఉన్న బూడిదరంగు చిన్న ఓడ మీదున్నాయి. పేరు ఆబ్రహాం క్రైన్సెన్. సముద్రంలో మైన్లు, అంటే మందుపాతరలు, ఏరే ఓడ.

ఈ ఓడ కథ కోసమే నేను ఇంత దూరం వచ్చింది. 1942లో ఇది జావాలోని సురబాయ రేవులో ఉంది. ఇప్పటి ఇండొనీషియా అప్పుడు డచ్చివాళ్ల వలస. ఫిబ్రవరి 27న జావా సముద్రంలో జపాన్ నేవీ చేతిలో మిత్రపక్షాలు చిత్తయ్యాయి. మిగిలిన ఓడలని ఆస్ట్రేలియాకి పారిపొమ్మన్నారు. దీని మీద చెప్పుకోదగ్గ ఫిరంగి ఒక్కటి, వేగం పదిహేను నాట్లు, అంటే గంటకి దాదాపు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. పైన జపాన్ విమానాలు. అప్పుడు నావికులు దగ్గర్లోని దీవుల్లో చెట్లూ కొమ్మలూ కొట్టుకొచ్చి ఓడంతా కప్పేశారు. కొమ్మలు చాలని చోట రాళ్లలా కనిపించేలా రంగేశారు. పగలంతా ఏదో ఒక దీవి ఒడ్డుని ఆనుకుని లంగరేసి కదలకుండా పడుకోవడం, చీకటి పడ్డాక నడవడం. వేల దీవుల్లో ఇదీ ఒకటి అనుకుని విమానాలు దాటిపోవాలి. దాటిపోయాయి. మార్చి 20న ఓడ ఆస్ట్రేలియాలోని జెరాల్డ్‌టన్ రేవులోకి క్షేమంగా చేరింది. దీనితోపాటే తప్పించుకోవాల్సిన జాన్ ఫన్ ఆమ్‌స్టల్ అనే దీని జంట ఓడని జపాన్ వాళ్లు దారిలోనే పట్టి ముంచేశారు.

డెక్ మీద నిలబడి ఇదంతా చెప్పాను. నాన్న రెయిలింగు మీద చెయ్యేసి, మెల్లగా ఓడ చుట్టూ చూశారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"కోసిన కొమ్మ ఎన్ని గంటలుంటాది?" అన్నారు.

నాకర్థం కాలేదు.

"పెళ్లిపందిరికి కట్టిన మావిడాకు సాయంత్రానికే ముడుచుకుపోతాది కదా. అక్కడ మన వైజాగ్‌కంటే ఎండ. ఇనప డెక్కు కాలిపోతుంటాది. దీవులన్నీ పచ్చగా ఉండి ఒక్క దీవే ఎండిపోయి కనబడితే పైనున్నవాడికి అనుమానం రాదా? వీళ్లు రోజూ కొత్త కొమ్మలు కొట్టుండాలి. రాత్రంతా ఓడ నడిపి, తెల్లారకముందే కొమ్మలు మార్చి... అబ్బో, మా షాపులో ఓవర్‌టైం ఏమూలకి!"

నావికులు నలభై ఐదు మందే. నేను ఆకుల పచ్చదనం వరకే ఊహించుకున్నాను, ఆకులు కట్టే చేతులు ఆయనకి కనిపించాయి.

నాకు ఇంకొకటి తోచింది. మూడొందల ఏళ్లుగా ఎవరి దీవులని ఏలారో ఆ దీవుల చెట్లే చివరికి వీళ్లని దాచిపెట్టాయి. యుద్ధం అయ్యాక అదే ఇండొనీషియా జనం స్వాతంత్ర్యం అంటే 1949 దాకా వాళ్లమీదే డచ్చివాళ్లు తుపాకులు ఎత్తారు. సాహసం సాహసమే, నేను కాదనను. కానీ క్రైన్సెన్ అనే పేరే 1667లో సురినామ్‌ని పట్టుకున్న పదిహేడో శతాబ్దపు నౌకాధిపతిది.

ఆ శతాబ్దం వాళ్లు మాకూ కొత్తకాదు. నాన్న పుట్టింది భీమిలిలో. బడి ఎగ్గొట్టి దాక్కున్నది అక్కడి డచ్చి సమాధుల్లోనే. బందరులో వలందపాలెం అని ఇప్పటికీ ఒక పేట ఉంది. వలందులంటే హాలండువాళ్లు. "చిన్నప్పుడు వాళ్ల గోరీలెక్కాం, ఇప్పుడు వాళ్ల ఓడెక్కాం" అని నవ్వారు నాన్న, మెట్లు దిగుతూ.

తిరుగుదారిలో అమ్మకి ఫోన్ చేశాం. మోకాళ్ల నొప్పులని ఈ ప్రయాణానికి తను రాలేదు, విశాఖలోనే ఉండిపోయింది. స్పీకరు పెట్టాను.

"ఏం చూశారు?"

"ఓడకి పందిరేశారే. కొమ్మలు కొట్టి, నిలువునా కప్పేసి, రాత్రుళ్లు నడిపి..." నాన్న మొదలుపెట్టారు. పావుగంట చెప్పారు. తూటాకి నూనె రాసే పంపు దగ్గర్నుంచి చెప్పారు.

అమ్మ అంతా విని, "రోజూ కొత్త కొమ్మలంటున్నారు సరే, ఎండిపోయిన ఆకులు ఎవరు ఊడ్చేవారో?" అంది.

నాన్న నా వైపు చూశారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నారు.