నిరుద్యోగ పరిశోధనలో రాజ్యాంగానికి పనేమిటి?

పట్టభద్రుల నిరుద్యోగం మీద మన విశ్వవిద్యాలయాల్లో తయారయ్యే ఏ సిద్ధాంత గ్రంథాన్ని తెరిచినా మొదటి అధ్యాయంలో పని హక్కును ప్రస్తావించే రాజ్యాంగం 41వ అధికరణం తప్పకుండా కనబడుతుంది. రెండో అధ్యాయానికి వచ్చేసరికి అది కనుమరుగవుతుంది. శుభలేఖ పైన వినాయకుడి బొమ్మ వేసినట్టు దాన్ని పైన పెట్టేసి, ప్రశ్నావళి, పట్టికలు, శాతాలు, సూచనలు అంటూ ఎవరి దారిన వారు పోతారు. గుంటూరులో ఎం.ఏ. విద్యార్థుల ప్రాజెక్టులు దిద్దడం నా ఉద్యోగంలో భాగం కనుక ఈ వరస నాకు బాగా పరిచయం. ఈ ఏడాది ఒక అమ్మాయి మాత్రం సూటిగా అడిగింది: "సార్, రాజ్యాంగంలో లెక్కలేవీ ఉండవు కదా, దాన్ని ఆధారంగా చూపిస్తే వైవాలో ఒప్పుకుంటారా?" ప్రశ్న సబబైనదే. తరగతిలో చెప్పిన దానికంటే కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది.

లెక్కల మాట ముందు తేల్చుకుందాం. ఎందరు నిరుద్యోగులో చెప్పేది 2017 నుంచి జరుగుతున్న పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2022 జూలై నుంచి 2023 జూన్ వరకు జరిగిన సర్వే ప్రకారం పదిహేనేళ్లు పైబడిన పట్టభద్రుల్లో నిరుద్యోగం దేశం మొత్తం మీద 13.4 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 24 శాతం దాకా ఉంది. ఈ తేడా ఎందుకన్నది రాజ్యాంగం చెప్పదు, చెప్పాలని ఆశించకూడదు. డిగ్రీ చేతబట్టుకుని ఖాళీగా ఉన్న మనిషి విషయంలో రాజ్యం ఏమని మాట ఇచ్చింది, ఆ మాటకు ఏ హద్దులు పెట్టుకుంది, దానికి జవాబుదారీ ఢిల్లీయా అమరావతియా అన్న ప్రశ్నలకు మాత్రం మూలాధారం అదే. అంటే అది పరిస్థితికి సాక్ష్యం కాదు, వాగ్దానానికి సాక్ష్యం. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లనే పరీక్షకులకు చిరాకు కలుగుతోంది తప్ప రాజ్యాంగాన్ని ఉదహరించడం వల్ల కాదు.

41వ అధికరణాన్నే తీసుకుంటే, పని హక్కు, విద్యా హక్కు, నిరుద్యోగంలోనూ వార్ధక్యంలోనూ అనారోగ్యంలోనూ ప్రభుత్వ సహాయం పొందే హక్కు అన్నంత వరకే మన విద్యార్థులు ఎత్తి రాస్తారు. రాజ్యం వీటిని తన ఆర్థిక స్తోమత, అభివృద్ధుల పరిమితికి లోబడి సమకూర్చాలన్న ముక్క వాక్యం మొదట్లోనే ఉన్నా చాలామంది రాతల్లో జారిపోతుంది. ఈ అధికరణం రాజ్యానికి దారి చూపే ఆదేశిక సూత్రాల్లో ఒకటి. ఆ పైన 37వ అధికరణం ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించుకోవడం కుదరదని చెబుతూనే, దేశ పాలనకు అవి మౌలికమైనవని, చట్టాలు చేసేటప్పుడు వాటిని వర్తింపజేయడం రాజ్యం విధి అని అంటుంది. వీటిని బ్యాంకు తన వీలు చూసుకుని చెల్లించే చెక్కుతో పోల్చి రాజ్యాంగ సభలోనే సభ్యుడు కె.టి. షా విమర్శించారు. 1985లో ఓల్గా టెలిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కును 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది; 1992లో ఢిల్లీ ఉద్యానవన కార్మికుల కేసులో మాత్రం, పని హక్కుకు పూచీపడే స్తోమత దేశానికి ఇంకా రాలేదు కనుకనే దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చలేదని వివరించింది. మొదటి తీర్పును ఉదహరించి రెండోదాన్ని వదిలేసిన ప్రాజెక్టుకు నేను మార్కులు తగ్గిస్తాను.

అధికరణాన్ని పూర్తిగా చదివితే పరిశోధన ప్రశ్నే మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018 అక్టోబరు 2న యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి రూపాయల నిరుద్యోగ భృతిని ప్రారంభించింది. 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. అది డిగ్రీ, డిప్లొమా చదివినవారి కోసం పెట్టిన పథకం. 41వ అధికరణంలో చదువును బట్టి తేడా లేదు. నిరుద్యోగికి ప్రభుత్వ సహాయం అని రాజ్యాంగం అంటే, చదువుకున్న నిరుద్యోగికే సహాయం అని పథకం ఎందుకంది? పదో తరగతితో ఆగిపోయి మిర్చి యార్డులో బస్తాలు మోసే కుర్రవాడు ఏదో ఒక పని చేస్తాడని, పట్టభద్రుడు మాత్రం తన చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడని విధానకర్తలు భావించారా? ఆర్థిక స్తోమత అన్నది అంచనా వేయాలంటే బడ్జెట్ పత్రాల్లో ఆ పద్దు ఏ ఏడు ఎంత ఉందో, ఎప్పుడు కనబడకుండా పోయిందో చూడాలి. ప్రశ్నావళి పంచడానికి ముందే చేయగలిగిన పని ఇది.

బాధ్యత ఎవరిదన్నదానికి ఏడో షెడ్యూలు చూస్తే చాలు. ఉద్యోగిత, నిరుద్యోగం ఉమ్మడి జాబితాలో 23వ అంశం. విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఉండి, 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోని 25వ అంశంలోకి వచ్చింది. చదువూ కొలువూ రెండూ ఉమ్మడివైనప్పుడు నెపం అవతలివారి మీదకు నెట్టడం ఇద్దరికీ సులువే.

నా దృష్టిలో మన ప్రాంతపు పరిశోధకుడు అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవలసింది, ప్రభుత్వోద్యోగాల్లో, చదువుల్లో రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలవారికి సమాన అవకాశాల కోసం పెట్టిన 371డి అధికరణం దగ్గర. కేంద్ర న్యాయశాఖ ముద్రించే రాజ్యాంగ ప్రతిలో ఈ అధికరణం ఉన్న పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది: 32వ సవరణ చట్టం, 1973 ద్వారా చేర్చినది, 1974 జూలై 1 నుంచి అమలు. మన విద్యార్థులు ఆ అడుగు గమనికలు చదవరు. ఆ ఒక్క పంక్తి వెనుక పెద్ద కథే ఉంది. పదిహేనేళ్ల నివాసం ఉన్నవారికే తెలంగాణ ప్రాంతంలో ప్రభుత్వోద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పిన తరవాత కోస్తా జిల్లాల్లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. విజయవాడ, గుంటూరు వీధుల్లోకి వచ్చిన వారిలో విద్యార్థులు, ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు) ముందున్నారు. అంతకు మూడేళ్ల ముందు తెలంగాణలో రేగిన ఉద్యమానికీ ఉద్యోగాలే ముఖ్యకారణం. రాష్ట్రపతి పాలన, 1973 సెప్టెంబరు నాటి ఆరు సూత్రాల రాజీ పథకం, ఆ వెంట ఈ సవరణ. చదువుకున్న యువకుల ఉద్యోగాల తగువు రాజ్యాంగంలోకే ఎక్కిందంటే, ఆ కాలపు నిరుద్యోగ తీవ్రతకు అంతకంటే గట్టి లిఖిత సాక్ష్యం దొరకడం కష్టం. ఇక్కడ మాత్రం రాజ్యాంగం వాగ్దానానికే కాక పరిస్థితికి కూడా సాక్ష్యంగా నిలుస్తుంది. నేను పైన చేసిన విభజనకు ఇది మినహాయింపు.

ఈ అధికరణం కింద 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఉద్యోగ నియామకాల కోసం రాష్ట్రాన్ని జోన్లుగా విడగొడితే కృష్ణా జిల్లా రెండో జోన్‌లోకి, గుంటూరు మూడో జోన్‌లోకి వెళ్లాయి. నడుమ ప్రకాశం బ్యారేజీ. జూనియర్ అసిస్టెంట్ స్థాయి కొలువుల్లో 80 శాతం, నాన్ గెజిటెడ్ కొలువుల్లో 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ కొలువుల్లో 60 శాతం స్థానికులకు కేటాయించారు. స్థానికుడంటే ఎవరన్నది తేల్చేది పుట్టిన ఊరో డిగ్రీ చదివిన కాలేజో కాదు, నాలుగు నుంచి పది వరకు చదివిన బడి. తాడేపల్లిలో ఇల్లు, బ్యారేజీ దాటి విజయవాడలో బడి ఉన్న పిల్లవాడు ఆ లెక్కన కృష్ణా స్థానికుడవుతాడు. సొంత జిల్లా గుంటూరులో నాన్ లోకల్. అందుకే నోటిఫికేషన్ పడగానే మన పట్టభద్రులు ముందుగా పరిగెత్తేది చిన్నప్పటి బడి గుమాస్తా దగ్గరికి, స్టడీ సర్టిఫికెట్ కోసం. ఆ బడి మూతపడి ఉంటే ఇక ఎమ్మార్వో కార్యాలయం చుట్టూ తిరగడమే. రాష్ట్ర విభజన తరవాత హైదరాబాదు నుంచి విజయవాడకు తరలివచ్చిన కుటుంబాల పిల్లలకు స్థానికత కల్పించడానికి ఈ ఉత్తర్వులను సవరించవలసి వచ్చింది. నిరుద్యోగిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు మీరు ఏ జోన్ లోకల్ అన్న ప్రశ్న అడగని ప్రశ్నావళి, ఈ కృష్ణా నది ఒడ్డున మాత్రం, సగం ప్రశ్నావళే.

ఒక చిత్రం కూడా చెప్పాలి. నాకు తెలిసినంతలో విజయవాడ, గుంటూరు నగరాల్లో రాజ్యాంగాన్ని వరస తప్పకుండా చదివేది న్యాయవాదుల తరవాత నిరుద్యోగ పట్టభద్రులే. గ్రూప్ 2 మెయిన్స్ మొదటి పేపరులో సగం రాజ్యాంగమే కదా. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే పాలిటీ గైడ్లలో 41 కింద పెన్సిలు గీత, పక్కన పని హక్కు అన్న గుర్తు తరచు కనిపిస్తాయి. ఆ గీత గీసిన మనిషి ఆ అధికరణాన్ని తన గురించి రాసినదిగా చదివాడా, ఒక మార్కు ప్రశ్నగా చదివాడా? నా విద్యార్థినికి ఇది అడగదగిన ప్రశ్న అని చెప్పాను.

పొరుగున నేపాల్ 2015 నాటి తన రాజ్యాంగంలో 33వ అధికరణం కింద ఉపాధిని ప్రాథమిక హక్కుగానే రాసుకుంది. అయినా అక్కడి యువకులు గల్ఫ్‌కు, మలేషియాకు పోవడం ఆగలేదు. హక్కు ఏ భాగంలో ఉందన్నది ఒక్కటే ఫలితాన్ని తేల్చదని చూపడానికి ఈ పోలిక చాలు. ప్రాజెక్టులో దీనికి ఒక పేరా మించి అనవసరం.

ఇక పట్టభద్రుణ్ని మన రాజ్యాంగం సూటిగా పలకరించే చోటు ఒకటుంది, అది ఉద్యోగాల భాగంలో కాదు. శాసన మండలి సభ్యుల్లో పన్నెండో వంతు మందిని, డిగ్రీ పొంది కనీసం మూడేళ్లయిన రాష్ట్రవాసులు ఎన్నుకోవాలని 171వ అధికరణం అంటుంది. మన కృష్ణా–గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గం ఆ అధికరణం పుణ్యమే. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ ఎన్నిక జరిగింది. ఓటు కోసం నింపే 18వ నంబరు ఫారంలో విద్యార్హతతో పాటు వృత్తి కూడా రాయాలి. రెండు జిల్లాల పట్టభద్రుల జాబితా నమూనా ఎంపికకు ఇలా దొరుకుతుందని ఆ అమ్మాయికి చెప్పగానే ఆమె ముఖం వెలిగింది. అయితే ప్రతి ఎన్నికకూ జాబితాను కొత్తగా తయారు చేస్తారు, పేరు ఎవరికి వారే నమోదు చేసుకోవాలి, కాబట్టి చొరవ ఉన్నవారే అందులో ఎక్కువగా ఉంటారు. పైగా మూడేళ్ల నిబంధన వల్ల కొత్తగా డిగ్రీ పుచ్చుకున్నవారు మొత్తంగా బయటే ఉండిపోతారు; ఇరవై అయిదేళ్ల లోపు పట్టభద్రుల్లో నిరుద్యోగం 42.3 శాతమని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023 నివేదిక చెప్పింది సరిగ్గా ఆ వయసువారి గురించే. వారి కోసం కాలేజీల్లో టీసీలు ఇచ్చే రిజిస్టరు పట్టుకోవాలి. ఆ అమ్మాయి వచ్చే వారం నుంచి రెండు కాలేజీల్లో ఆ పని మొదలుపెడుతోంది.